మాడు వాసన

మా పెద్దమ్మ ధనియాలు వేయించినా, పల్లీలు వేయించినా పొగలు కక్కే మూకుడుతో హాల్లోకి వచ్చేస్తుంది. ఆ పొగను చేత్తో మన ముఖం వైపు తోలి, "జర వాసన చూడుండ్రి" అంటుంది. కొత్తవాళ్ళు హారతి అనుకుని కళ్ళకు అద్దుకుంటారు.

కాజీపేటలో ఆమె ఇంటి మేడమీద గదిలో ఒక ఇథియోపియా అమ్మాయి అద్దెకుండి చదువుకునేది. వాళ్ళమ్మ పంపిన పచ్చి కాఫీ గింజలు ఇంటికొచ్చినవాళ్ళ ముందే వేయించి, ఆ పొగ చూపించడం వాళ్ళ మర్యాదట. ఒకరోజు పెద్దమ్మను కాఫీకి పిలిచింది. గింజలు చిటపటమని పొగ లేవగానే పెద్దమ్మ, "మాడిపోతాంది బిడ్డా!" అని ఉరికి, మూకుడులో చెంబెడు నీళ్ళు గుమ్మరించింది.

అమ్మాయి తడిసిన గింజల మూకుడునే ఎత్తి, ఆ ఆవిరిని మెల్లగా పెద్దమ్మ వైపు తోలింది. అవే ఆఖరి గింజలని పెద్దమ్మకు తెలిసేసరికి, అమ్మాయి చదువు ముగించుకుని వెళ్ళిపోయింది. అప్పటినుంచే పెద్దమ్మకు ఈ పొగ తోలే అలవాటు.

మొన్న మడికొండ కాఫీ షాపులో ఇథియోపియా పచ్చి గింజలు దొరికితే పెద్దమ్మకు తెచ్చిచ్చాను. పండుతోనే ఎండబెట్టిన రకమట. వేగుతుంటే మల్లెపూలూ నిమ్మతొక్కా కలిసినట్టు వాసన వచ్చింది. గింజలు చిటపటమన్నాయి.

"చాలు పెద్దమ్మా, దించు" అన్నాను.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. గింజలు బొగ్గులయ్యాయి.

"నా తొందరకు ఒకపారి చెడగొట్టిన బిడ్డా," అంది పొగలో దగ్గుతూ. "ఇగ ఆ పిల్ల చెప్పేదాక దించను."