ఏమే అంటే పలకని రోజు

ఆటోనగర్‌లోని మా బడి వార్షికోత్సవానికి ఆ ఏడు మైకు నాకిచ్చారు. నేను తెలుగు టీచర్ని. "తెలుగు మేడమ్ ఇంగ్లీషులో సభ నడుపుతారా? చూద్దాం" అంటూ ఇంగ్లీషు మాస్టారు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నడిపి తీరతానన్నాను. అనడమైతే అన్నాను గానీ, ఇంటికొచ్చాకే బడివాళ్లిచ్చిన కార్యక్రమం కాగితం విప్పి చూశాను.

కాగితంలో అడుగడుగునా "ఐ కాల్ అపాన్" అనే ఉంది. వంటింట్లో పప్పు మెదుపుతూ అదే వల్లిస్తుంటే, చిక్కుళ్లకు ఈనెలు తీస్తున్న మా అత్తగారు తలెత్తారు.

"ఏంటమ్మా ఆ మాట, పొద్దుట్నుంచీ అరగదీస్తున్నావు?"

"సభలో పదిమంది ముందు, ఫలానా వారు వచ్చి ఈ పని చెయ్యాలని మర్యాదగా కోరడం అత్తయ్యా. ఉత్త పిలుపు కాదు, పిలిచి పని అప్పగించడం."

"పని చెప్పడానికి మర్యాద కూడానా? నలభై ఏళ్లబట్టీ మీ మావయ్య 'ఏమే' అంటే చాలు, పనైపోతోంది."

హాల్లో మావయ్యగారు పేపరు చాటుకు వెళ్లిపోయారు.

సభరోజు నాలుగు పిలుపులు బాగానే సాగాయి. తర్వాత ముఖ్య అతిథికి కండువా కప్పాలి. మగ్గం మానేసే ముందు మా అత్తగారు నేసిన ఆఖరి కండువా అది. కప్పాల్సిన పెద్దమనిషేమో ఫోనొచ్చి బయటికెళ్లారు. ఖాళీ కుర్చీ చూసి, కాగితంలో ఇంకో పేరు కోసం వెతికాను. మైకు కోసం ఇంగ్లీషు మాస్టారు అప్పుడే సగం లేచారు.

"కాల్ అపాన్ అనమ్మా, ఆగిపోయావేం?" రెండో వరసలోంచి మా అత్తగారి గొంతు. హాలంతా గొల్లున నవ్వింది.

నేను ఆవిడ వంకే చూస్తూ, "ఐ నౌ కాల్ అపాన్ మై మదరిన్‌లా టు ఆనర్ అవర్ గెస్ట్" అనేశాను.

పక్కావిడ చెప్పాక అర్థమై, ఆవిడ కొంగు సర్దుకుని వేదికెక్కారు. కండువా అంచు తిరగబడిందేమో చూసి మరీ కప్పారు. చప్పట్లు మోగుతుంటే నాకు కళ్లు నిండిపోయి కాగితం కనబడలేదు.

ఇంటికొచ్చాక మావయ్యగారు అలవాటుగా, "ఏమే, మంచినీళ్లు" అన్నారు.

అత్తగారు కుర్చీలోంచి కదల్లేదు. "సరిగ్గా పిలవండి, వస్తాను."

ఆయన నా వైపు చూశారు. నేను సాయపడలేదు. గొంతు సవరించుకుని, "ఐ కాల్ అపాన్" అంటూ అత్తగారి పేరు పలికారు. నేను కాపురానికొచ్చాక ఆయన నోట ఆ పేరు వినడం నాకదే మొదలు.

అత్తగారు లేచారు, కానీ మంచినీళ్లు నేనే తెచ్చాను. ఆవిడ వేదికెక్కేటప్పటిలాగే కొంగు సర్దుకుంటూ అక్కడే నిలబడిపోయారు.