భూపాలపల్లి దాకా ఒక సందు

మా ఇంట్లో ప్రతి శుక్రవారం రైలు పట్టాలు పీకేసేవాళ్లం.

జనగామలో మా ఇంటి వెనక గది ఒకప్పుడు పల్లికాయ బస్తాలది. బాపు కిరాణా దుకాణం పెద్దదయ్యాక బస్తాలు అటు పోయి, గది అన్నకు దక్కింది. అన్నకు రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేతుల మీద, మోకాళ్ల మీద పాకుతూ తిరిగేవాడు. నూనె డబ్బాల రేకును సన్నగా కత్తిరించి పట్టాలు చేసి, మట్టి నేలలో సీలలు దిగగొట్టి బిగించేవాడు. వాటి మీద నడవడానికి చావి తిప్పే ఇంజను ఒకటి, దాని వెనక అగ్గిపెట్టెల డబ్బాలు. కిటికీ కింద జనగామ, తలుపు దగ్గర కాజీపేట, అక్కడి నుంచి ఒక దారి మహబూబాబాద్‌కు, ఇంకో దారి ఎదురు మూలన ఉన్న భూపాలపల్లికి. భూపాలపల్లి మా అమ్మమ్మ ఊరు. ఆ ఊరికి రైలు లేదన్న సంగతి అన్న లెక్కలోకి తీసుకోలేదు.

అరవై తొమ్మిది ఉద్యమంలో బస్సులు నడవని రోజుల్లో, పసివాడైన అన్నకు అక్కడే జ్వరం వచ్చింది. ఎలాగో వరంగల్ దవాఖానకు చేర్చేసరికి కాళ్లు పోయాయి.

"రైలుంటె నన్ను జల్ది తెచ్చెటోళ్లు," అనేవాడు.

"అప్పుడు రైళ్లు గూడ ఆపిన్రట," అన్నాను ఒకసారి. ఇంట్లో ఎవరి గొంతు జీరబోయినా నాకు నాలుక దురద పుడుతుంది.

"నా రైలు ఆగది పో చెల్లె."

ఆగేది. పట్టాలు సగం దూరం పోయేసరికి శుక్రవారం వచ్చేది, దానితోపాటు పేడ బకెట్‌తో అమ్మ వచ్చేది. అలకని నేల మీద లక్ష్మి నిలవదని ఆమె నమ్మకం. అలికిన నేల మీద మాత్రం ఎప్పుడు నిలిచిందో నేను చూడలేదు. పట్టాలు పీకేది నేను, అలికేది అమ్మ, గడపలో కూర్చుని చూసేది అన్న. అతనికి కావలసింది ఒక్కటే: ఇంజను కిటికీ కింద బయలుదేరి, ఒక్కసారి, ఆగకుండా ఆ మూల దాకా పోవాలి.

చివరికి బాపు కరిగాడు. "గచ్చు పోయిస్త తియ్. అలుకుడు బాధ పోతది."

"గచ్చు గీరుకపోతది బాపు. పాకేది నువ్వా, నేనా?"

అలా షాబాద్ బండల మాట వచ్చింది. బాపు అన్నను రిక్షాలో బండల దుకాణానికి తీసుకుపోయాడు, వెంట నేను. అన్న కిందికి దిగి, పరిచి ఉన్న బండల మీద ఒక్కొక్కదాని మీదా పాకి చూశాడు. దుకాణదారుకు అర్థం కాలేదు.

"ఏం జేస్తున్నడు సేటు మీ పిలగాడు?"

"పెండ్లిసూపులు," అన్నాను. "బండ నచ్చితె మాట్లాడుకుందాం."

అన్న మెరిసే బండలన్నీ వదిలి, అరచేయి జారనివి ఎంచుకున్నాడు. ఒకదానికి చెంప ఆనించి, "సల్లగున్నది," అన్నాడు.

బండలు ఇంటికి వచ్చాక గాని మాకెవరికీ తట్టలేదు, బండలో సీల దిగదని. అందరం తెల్లముఖాలు వేశాం. అన్న మాత్రం బొగ్గు తీసుకుని, కిటికీ నుంచి తలుపు మీదుగా ఆ మూల దాకా నేల మీద ఒక గీత గీశాడు. రెండు బండల నడుమ సందు ఆ గీత మీదే రావాలట. అందులో సిమెంటు పోయకుండా మట్టి నింపాలట. సీలలు ఆ మట్టిలో దిగుతాయి.

మేస్త్రి బాపు వైపు తిరిగాడు. "సేటు, సందులు సూత్రం పట్టినట్టుండాలె. గిట్ల పాము వోయినట్టు పెడితె రేపు నన్నెవడన్న పనికి పిలుస్తడా?"

"రైల్వేల పిలుస్తరు మేస్త్రి," అన్నాను.

తిట్టుకుంటూనే బండల అంచులు కొట్టి, గీత వెంట పరిచి, సందులో మట్టి నింపాడు. బండల కింద పోసిన సిమెంటు మసాలా గట్టిపడే దాకా ఎవరూ అడుగు పెట్టొద్దన్నాడు. అన్న గడపలో కూర్చుని, ఇంజనుకు చావి తిప్పి, చేతిలోనే చక్రాలు తిరగనిచ్చేవాడు.

ఆ వానల్లోనే అతనికి నెమ్ము పట్టింది. వరంగల్ దవాఖానకు ఈసారి రైల్లోనే తీసుకుపోయాం. రైలు వేళకే వచ్చింది, వేళకే చేర్చింది. తిరిగి వచ్చేటప్పుడు అన్న లేడు.

చిన్నప్పటి నుంచీ రొమ్ము బలహీనమే అని డాక్టరు చెప్పినా, బాపు ఆ బండల చెమ్మనే అనుమానించాడు. కర్మలయ్యాక మేస్త్రిని పిలిచి, సందులో మట్టి తీసి సిమెంటు నింపమన్నాడు. మేస్త్రి తాపీ పట్టుకుని వంగాడో లేదో, అమ్మ వచ్చి నిలబడింది.

"అది ముట్టకు."

"సీమలు వడ్తయ్ కదనే," అన్నాడు బాపు.

"సీమలన్న ఎక్కుతయ్ బాపు రైలు," అన్నాను.

బాపు మేస్త్రి చేతిలో కూలి పెట్టి పంపించేశాడు.

ఆ శుక్రవారం అమ్మ బండలను తడిగుడ్డతో తుడిచింది. తర్వాత దోసెడు ఎర్రమట్టి, పేడ కలిపి తెచ్చుకుని, కిటికీ కింద కూర్చుని, సందును వేలితో అలకడం మొదలుపెట్టింది.

"బండల ఇంట్ల అలుకుడేందే అమ్మా?"

"మట్టి ఎండితె సీల దిగది బిడ్డా."

పట్టాలు వేద్దామా అని నేను అడగలేదు. వేయమని ఆమె అనలేదు. ఇంజను అటక మీది డబ్బాలో ఉంది. అమ్మ వేలు తలుపు దగ్గర, కాజీపేటలో, మలుపు తిరిగింది. ఆమె కూర్చున్న చోటి నుంచి జరుగుతూ, జరుగుతూ, ఆ మూల దాకా పోయింది. నడుమ ఎక్కడా ఆగలేదు.