పులుపు ఎవరిక్కావాలి

ఆ వీధిలో సగం ఇళ్ళకి పొద్దుటి ముద్ద పులుపక్క చేసే రవ్వతోనే. కర్రపెండలం తొక్క తీసి, తురిమి, గోనెసంచుల్లో కుక్కి, పైన బండరాళ్ళెత్తి నీళ్ళు ఓడేదాకా పులియబెడుతుంది. తరవాత జల్లించి పెద్ద బాణలిలో వేయిస్తుంది. వేణ్ణీళ్ళు పోసి కలుపుకుంటే ఇంటిల్లిపాదికీ కడుపు నిండుతుంది. అమ్మచేతి కమ్మదనమనీ మట్టి పరిమళమనీ దీని మీద పాటలు పాడేవాళ్ళున్నారు. వాళ్ళెవరూ రోజూ తినరు. తినేవాళ్ళు తినేది చవక గనక, మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యదు గనక.

ఆమె సంచులు రెండు రకాలు. ఒకటి బాగా పులిసింది, ఒకటి ఓ మోస్తరుది. దర్జీ ఇంటికి పళ్ళు జివ్వుమనాలి. వాచ్‌మన్ ఇంట్లో పిల్లలు పులుపు తగిలితే మూతి ముడుస్తారు. ఏ ఇంటి నాలుక ఎలాంటిదో ఆమెకి కంఠతా వచ్చు. సంచులకి గుర్తులంటూ ఉండేవి కావు. మూతి విప్పి ఒక్కసారి వాసన చూస్తే సరిపోయేది.

వానాకాలంలో జ్వరం వచ్చింది. పోతూ పోతూ వాసననీ రుచినీ వెంటబెట్టుకుపోయింది. తిరిగొస్తాయని కొన్నాళ్ళు అనుకుంది. తరవాత అనుకోవడం మానేసింది. ఏం తిన్నా తడిసిన దూది నమిలినట్టే. సంగతి బయటపడితే ఇళ్ళన్నీ బజారు పొట్లాల వైపు మళ్ళుతాయని ఒక్క భయం మాత్రం మిగిలింది. అందుకే ఎవరికీ చెప్పకుండా పులిసిన సంచికి ఎర్ర పీలిక కట్టుకుంది.

ఒకరోజు తురుముపీట పిడి ఊడితే, పనిలో సాయముండే తోటికోడలు ఆ పీలిక లాగి దానికి చుట్టేసింది.

"పీలికేదే?"

"ఏంటీ, ఇదా? నీ పెళ్ళినాటి పట్టుచీరది కాదుగా అక్కా, పోతేపోయింది."

"ఏ సంచిది?"

"ఏదో సంచిది. అయినా నీకు పీలికెందుకు? బారెడు ముక్కుందిగా!"

పులుపక్క నవ్వినట్టు మొహం పెట్టింది. రెండు సంచులూ విప్పి చూసింది. గోడని వాసన చూసినట్టుంది. కాస్త చూసి చెప్పవే అంటే పనయ్యేది, గుట్టూ పోయేది. చేతికందిన సంచి దర్జీ ఇంటికనుకుని వేయించేసింది. రెండోది వాచ్‌మన్ ఇంటికి వెళ్ళింది.

మర్నాడే గిన్నెలు పట్టుకుని తగాదాకి వస్తారనుకుంది. ఎవరూ రాలేదు. రవ్వ అయిపోయాక దర్జీ భార్య వచ్చింది.

"పిన్నీ, ఈసారి కాస్త ఎక్కువ ఇవ్వు. మా ఆడపడుచు దిగుతోంది, పటాలంతో సహా."

"పోయినసారి రవ్వ... పులుపు తగ్గిందేమో?"

"తగ్గింది. హమ్మయ్య అనుకున్నాం."

"అదేంటమ్మా! మీ ఇంటికి పులుపేగా?"

"మా మామగారికి. ఆయన పోయి ఇన్నాళ్ళయింది, ఇంకెవరిక్కావాలి? నువ్విస్తున్నావు, తింటున్నాం."

"ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"పెద్దాయన మీద అభిమానంతో ఇస్తున్నావనుకున్నాం. వద్దంటే ఏం బావుంటుంది?"

పెద్దాయన మీద పులుపక్కకి ఎన్నడూ అభిమానం లేదు. ఆఖరిదాకా రవ్వలో రాళ్ళున్నాయని గొణిగిన మనిషి.

వాచ్‌మన్ పెళ్ళాం కుళాయి దగ్గర కనిపిస్తే ఆమెనీ అడిగింది. పిల్లలు ఎదిగిపోయారట. కారం నంజుకుని నాలుగు ముద్దలు మింగి బడికి పరిగెడతారట. "పులుపో చేదో చూసే తీరిక ఎవరికుందమ్మా? రవ్వ మాత్రం ఆలస్యం చెయ్యకు."

అయితే ఇళ్ళు ఎక్కడికీ పోవు. మంచి కబురే. మంచి కబురు వింటే లోపల ఏదో కదలాలి కదా అని ఇంటిదాకా నడుస్తూ చూసుకుంది. ఏమీ కదల్లేదు.

"ఇకనించి ఒకటే రకం," అంది తోటికోడలితో.

"అదేం?"

"జ్వరం నించీ నాకు వాసన తెలీడం లేదు. రుచీ లేదు."

తోటికోడలు తురమడం ఆపింది. "మరి చెప్పవేం?"

"చెబితే?"

తోటికోడలు తురుముపీట పక్కకి జరిపింది. "అయితే మొన్న నే మాడ్చిన కూర బావుందన్నావే..." అంది.

"మాడిందా?"

ఇద్దరిలో ఒకరు నవ్వారు.

పులుపక్క రెండు సంచుల తురుమూ గంగాళంలోకి వంపి, మోచేతుల దాకా చేతులు పెట్టి కలిపింది. చల్లగా ఉందని మాత్రం తెలిసింది.