జిరాక్స్ అన్నకు అర్థమయ్యేదాకా

మా సీనియర్ మేడమ్ పోయారన్న వార్త నాకు వకీళ్ల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున్నే ఎవరో ఆమె పాత ఫొటో పెట్టి కింద రెండు ముక్కలు రాశారు. కాసేపట్లోనే నమస్కారం బొమ్మలు వరస కట్టాయి. ఆ వరస ఆగకముందే ఒక మహానుభావుడు, ఈ రోజు జడ్జిగారు సెలవులో ఉన్నారా అని అడిగాడు. దానికి మాత్రం బొమ్మలు కాదు, పూర్తి వాక్యాల్లో జవాబులొచ్చాయి.

ఆ నమస్కారాలు పెట్టినవాళ్లలో చాలామంది ఆమెను వెనకాల ‘పచ్చళ్ల మేడమ్’ అని పిలిచి నవ్వుకున్నవాళ్లే. ఇరవై ఏళ్లకు పైగా సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేసిన మనిషి, నల్లకోటు విడిచిపెట్టి, పచ్చళ్లు పెట్టేవాళ్లకూ యాప్ తయారుచేసే కుర్రవాళ్లకూ ఒప్పందాల కాగితాలు చూసిపెడుతోందని వాళ్లకు మహా వేళాకోళం. వాళ్లను చూస్తే నాకిప్పుడు రోత. అయితే మీతో అబద్ధమాడడం ఎందుకు, ఆ పేరు పెట్టింది నేనే. బార్ రూములో టీ తాగుతూ పెట్టాను. అందరూ పగలబడి నవ్వితే ఆ రోజంతా పొంగిపోయాను కూడా.

ఆమె కోర్టు ఎందుకు మానేశారో అప్పటికే నాకు తెలుసు. నారాయణగూడలో ఇద్దరు అన్నదమ్ముల టిఫిన్ సెంటర్ తగాదా అది. రాతకోతలేవీ లేకుండా నోటిమాట మీద మొదలైన వ్యాపారం. ఏళ్ల తరబడి వాయిదాలు నడిచి, చివరికి మేడమ్ కేసు గెలిచారు. అప్పటికి ఆ టిఫిన్ సెంటరే లేదు, ఆ మడిగెలో సెల్‌ఫోన్ల దుకాణం నడుస్తోంది. గెలిచిన తమ్ముడు డిక్రీ కాగితం చేతిలో పట్టుకుని, “దీంతోని ఇప్పుడు నేనేం చేయాలె మేడమ్?” అని అమాయకంగా అడిగాడు. మేమందరం దాన్ని జోకుగా చెప్పుకున్నాం. ఆమె మాత్రం ఆ రోజు నుంచి కొత్త కేసు పట్టలేదు. చేతిలో ఉన్నవి పూర్తిచేసి, అశోక్‌నగర్‌లో ఒక చిన్న గది కిరాయికి తీసుకుని కూర్చున్నారు.

ఆ వీధి సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. పైన హాస్టళ్లు, కింద గ్రూప్స్ పరీక్షల కోచింగ్ సెంటర్లు, మధ్యలో జిరాక్స్ షాపులు. మేడమ్ గదికి ఎదురుగా అలాంటి షాపే ఒకటి. దాని యజమానిని అందరూ జిరాక్స్ అన్న అంటారు. పదో తరగతి దాటలేదు కానీ గ్రూప్స్ మెటీరియల్ అంతా ఆయన చేతుల మీదుగానే పోతుంది. మేడమ్ పద్ధతి ఏమిటంటే, ఆమె దగ్గరికి అగ్రిమెంటుతో ఎవరొచ్చినా సరే, ముందు ఆ కాగితాలు తన దగ్గర పెట్టేసుకుని, “పో, ఎదురుంగ జిరాక్స్ అన్నకు జెప్పిరా. ఏం రాసుకుంటున్నవో ఆయనకు సమఝ్ కావాలె. కాకుంటే సంతకం లేదు” అనేవారు.

పెద్ద చదువులు చదివి, ఇంగ్లీషులో గడగడా మాట్లాడే కంపెనీల ఫౌండర్లు ఆ షాపు ముందు నీళ్లు నమలడం నేను కళ్లారా చూశాను. ఎకోసిస్టమ్ అనీ విజన్ అనీ మొదలుపెట్టేవారు. జిరాక్స్ అన్న మెషీన్ ఆపకుండానే, “గది సరే తమ్మీ, ముందుగాల గిది చెప్పు. పైసలు వానియి, పని నీది. లొల్లయితే ఎవలు బయటికి పోవాలె?” అని అడిగేవాడు. అంతే, సగం మంది మొహాలు పాలిపోయేవి. నెట్‌లో దొరికిన అగ్రిమెంటు నమూనాకు పేర్లు మార్చి తెచ్చినవాళ్లను చూస్తే మేడమ్‌కు ఒళ్లు మండేది. “గుడి ముంగట దొరికిన చెప్పులు తొడుక్కొని పెండ్లికి పోతవా?” అని కాగితాలు వాళ్ల చేతిలోనే పెట్టి పంపేవారు.

ఇక స్టార్టప్‌లను ఉద్ధరించడానికే పుట్టామనుకునే మెంటార్లు కొందరుంటారు. ఒక్క దుకాణమైనా నడిపిన పాపాన పోయి ఉండరు. చొక్కా మీద చలికోటు, చేతిలో మైకు, ఫెయిలవడం ఎంత గొప్పదో పక్కవాడికి బోధించడం. వాళ్లు మేడమ్‌ను ఒకసారి సభకు పిలిచి, అయిదు నిమిషాలు స్ఫూర్తినిచ్చే మాటలు చెప్పమన్నారు. ఆమె లేచి, “మీరు సంతకం పెట్టిన కాగితం ఇంటికి పోయి ఇవ్వాళ చదువుండ్రి” అని కూర్చున్నారు. వాళ్లు మళ్లీ పిలవలేదు.

ఇంత తెలిసీ నేను ఆమెను మెచ్చుకోలేదు. మా చెల్లెలి విషయం వచ్చేదాకా నా పొగరు దిగలేదు.

మా చెల్లెలు చిక్కడపల్లిలో రెండు గదుల్లో, గిన్నెకు ఒత్తి కాల్చుకునే సర్వపిండికి పొడిపిండి కలిపి ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు పాళ్లు మా అమ్మవి. ప్యాకెట్ మీద పేరు కూడా అమ్మదే. అమ్మ చనిపోయిన ఏడాదే చెల్లెలు ఇది మొదలుపెట్టింది. ఒక ఇన్వెస్టర్ వచ్చి, పెట్టుబడి పెడతాను, ఊరంతా అమ్ముదాం అన్నాడు. నలభై పేజీల అగ్రిమెంటు పంపాడు. చెల్లెలు దాన్ని నాకిచ్చి, “అన్నా, నువ్వే చూడాలె” అంది. పదకొండేళ్లు ప్రాక్టీసున్న వకీలును కదా, వాయిదా కోసం ఎదురుచూస్తూ కోర్టు వరండాలో పది నిమిషాలు తిరగేసి, అంతా మామూలేనని చెప్పేశాను.

ఆమె ఎందుకో నమ్మలేదు. నన్ను వెంటబెట్టుకుని మేడమ్ గదికి వెళ్లింది. మేడమ్ నా వైపు ఒకసారి చూసి, కాగితాలు సొరుగులో పెట్టి, “పో బిడ్డా, ఎదురుంగ చెప్పిరా” అన్నారు. నేను కూడా వెనకాలే వెళ్లాను. నవ్వుకోవచ్చని వెళ్లాను.

చెల్లెలు బాగానే మొదలుపెట్టింది. జిరాక్స్ అన్న విని, విని, మెషీన్ ఆపాడు.

“అక్కా, రేపు వాళ్లతోని నీకు పడకపాయె. నువ్వు బయటికొస్తివి. మరి అమ్మ పేరు?”

చెల్లెలు గుర్తు తెచ్చుకుంటూ, “పేరు కంపెనీదని ఉందన్నా” అంది.

“అంటే మీ అమ్మ పేరు మీద వాళ్లు అమ్ముతరు, నువ్వు అమ్మద్దు?”

“అమ్మద్దు.”

“వేరే పేరు మీద చేస్కోవచ్చునా మరి?”

“మూడేండ్లు సర్వపిండే చేయొద్దని రాసిండ్రు.”

ఆ మాట తన నోటితో తనే అన్నాక గానీ దానికి అర్థమేమిటో మా చెల్లెలికి తెలియలేదు. అక్కడే స్టూలు మీద కూలబడి నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

పరువు దక్కించుకోవాలని నేను మేడమ్ గదిలోకి వచ్చి, అలా వ్యాపారం చేయవద్దనే షరతు కోర్టులో నిలబడడం కష్టమని చట్టం సెక్షన్‌తో సహా వల్లించాను. మేడమ్ చివరిదాకా విన్నారు.

“నిలబడదు, సరే. నిలబడదని తేలేటాలకు ఎన్నేండ్లు పడతది వకీల్ సాబ్? అందాక నీ చెల్లె ఏం చేయాలె? నీ బార్ రూముల కూసోని నాకు పేర్లు పెట్టాల్నా?”

ఆ పేరు పెట్టింది నేనని ఆమెకు మొదటినుంచీ తెలుసు. అమ్మ పేరు మాత్రం తనదిగానే ఉంచమని మేడమ్ చెల్లెలి చేత ఇన్వెస్టర్‌కు రాయించారు. అతను ఒప్పుకోలేదు, వెళ్లిపోయాడు. చెల్లెలు వారం రోజులు ఏడ్చింది, చేతికొచ్చిన అదృష్టాన్ని మేడమ్ చెడగొట్టిందని కోపం తెచ్చుకుంది. బంధువులు వచ్చి ఆ కోపాన్ని ఎగదోశారు. తర్వాత మేడమ్ దగ్గరికి తనే వెళ్లి, హాస్టళ్లకు సరుకు వేసే ఒప్పందం ఒకటి తన చేత్తో తెలుగులో రాసుకుంది. ఒకటిన్నర పేజీ. జిరాక్స్ అన్న ఒక్క ప్రశ్నా అడగలేదు.

నేను ఆ ఏడాదే కోర్టు పని తగ్గించుకుని మేడమ్ గదిలో మూలన ఒక కుర్చీ వేసుకున్నాను. పాత స్నేహితులు నాకూ ఏదో పేరు పెట్టే ఉంటారు. ఆమె నన్ను ఎప్పుడూ మెచ్చుకోలేదు. “గెలిచిన కేసు నాకు జెప్పకు. పుట్టకుండ ఆపిన కేసుంటే జెప్పు” అనేవారు. అలాంటివి చెప్పుకోవడానికి నాకిప్పుడు కొన్ని ఉన్నాయి. అవన్నీ ఆమె పెట్టిన భిక్షే.

ఆ పొద్దున చెల్లెలికి నేనే ఫోన్ చేశాను. పనిలో ఉండి అలాగే పరిగెత్తుకొచ్చింది. మేడమ్ ఇంటి ముందు అప్పటికే వకీళ్లు గుంపుగా నిలబడి, ఎవరి పూలదండ పెద్దదో చూసుకుంటున్నారు. చెల్లెలు వాళ్లను తోసుకుని లోపలికి వెళ్లింది. పసుపు రాసిన ఆ పాదాలను రెండు చేతులా గట్టిగా పట్టుకుని, “మా అమ్మ పేరు నా దగ్గర్నే ఉంది మేడమ్” అని బావురుమంది. లేచాక చూస్తే, తన చేతులకంటిన బియ్యప్పిండి ఆ పాదాల మీద అంటుకుని ఉంది. వకీళ్ల నాయకుడొకాయన మర్యాద తెలిసినవాడిలా జేబురుమాలు తీసి ముందుకు వంగాడు.

మేడమ్ భర్త ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. “ఉండనియ్యుండ్రి సార్, తుడువకుండ్రి.”

పసుపు మీద ఆ తెల్లటి వేళ్ల గుర్తులతోనే ఆమెను తీసుకువెళ్లారు.