ఎత్తు దగ్గర దిగేది నేనే

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున నాన్న స్కూటరును పెట్రోలు అందేలా ఒక పక్కకు వంచి, కాస్త ఆగి, నిలబెట్టి కిక్కు కొట్టేవారు. మేమంతా చుట్టూ నిలబడి చూసేవాళ్ళం.

అప్పట్లో మునిర్కాలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. నాన్నది తెనాలి. ఇక్కడ, దేశ రాజధానిలో, ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు. అమ్మ అక్కడే నర్సు. పిల్లల్లో నేను పెద్దదాన్ని. నా తర్వాత చెల్లి సుహాసిని, ఆఖరివాడు ప్రభు.

బండి స్టార్టయ్యాక నాన్న హ్యాండిల్ మీద చెయ్యి ఉంచి ప్రయాణం కోసం ప్రార్థన చేసేవారు. ఇంజన్ మధ్యలో ఆగిపోతుందేమోనని ఆమెన్ కాస్త తొందరగా వచ్చేసేది...

ముందు తమ్ముడు నిలబడేవాడు. నాన్న వెనక నేను, నా వెనక అమ్మ, అమ్మ ఒళ్ళో చెల్లి. అమ్మ సంచిలో బైబిలు, పాటల పుస్తకం, మరచెంబుతో నీళ్ళు. చలికాలం పొగమంచులో నాన్న స్వెట్టరుకు ముఖం ఆనించి కూర్చునేదాన్ని. పెట్రోలు, కలరా ఉండలు కలిసిన ఆ వాసన ఇప్పటికీ గుర్తే.

ఒక ఏడాది ఇంజన్ నీరసించింది. పొగ ఎక్కువ, లాగుడు తక్కువ. చర్చికి పోయే దారిలో రైలు పట్టాల మీద వంతెన ఒకటి ఉండేది. ఆ ఎత్తు సగం ఎక్కేసరికి బండి మూలిగి ఆగిపోయేది.

సందు చివరి మెకానిక్ విప్పి చూశాడు. లోపలంతా అరిగిపోయిందట. సిలిండరు బోరు చేయించి కొత్త పిస్టన్ వేస్తే నడుస్తుంది, కానీ మునుపటి బలం రాదు. ఐదుగురూ ఎక్కాలంటే ఇంజనే మార్చుకోండి అన్నాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అమ్మ అడిగింది. "మార్చేద్దామంటారా?"

నాన్న చాలాసేపు పప్పన్నం కలుపుతూనే ఉన్నారు. "బాగుచేయిద్దాంలే. ఎత్తు దగ్గర ఒకళ్ళు దిగితే ఎక్కేస్తది."

ఎవరని ఎవరూ అడగలేదు. అందరూ నావైపు చూశారు.

"నేను దిగుతాలే నాన్నా" అన్నాను. పదకొండేళ్ళు నాకు.

అలా మా స్కూటరు ఇంకొన్నేళ్ళు బతికింది.

ప్రతి ఆదివారం వంతెన మొదట్లో దిగేదాన్ని. పరికిణీ కాస్త ఎత్తిపట్టుకుని అంచు వెంబడి నడిచేదాన్ని. పక్కనించి బస్సులు, లారీలు. పొగమంచులో మావాళ్ళు కనిపించకుండా పోయేవారు... స్కూటరు చప్పుడు మాత్రం వినిపించేది. పైన నాన్న ఇంజన్ ఆపకుండా నిలబడేవారు, ఆపితే మళ్ళీ అందుకోదని భయం. ఆ చప్పుడు వైపే నడిచేదాన్ని. ఒక్కదాన్నే ప్రార్థన చేసుకోవడం నాకు ఆ ఎత్తు మీదే అలవాటైంది.

పైకి చేరుతుండగానే తమ్ముడు మొదలుపెట్టేవాడు. "అక్కా, జల్దీ ఆవో. అక్కడ పాటలైపోతాయి."

"వచ్చే వారంనుంచి అక్కకి బస్సు టికెట్ కొనిద్దాం నాన్నా. మనకంటే ముందే పోద్ది" అనేది చెల్లి.

నాన్న తన మెడలోని మఫ్లరు తీసి నా మెడకు చుట్టేవారు. మిగతా దారంతా ఆ వెచ్చదనం నాది...

కొన్నేళ్ళకు నాన్న దేవుడి దగ్గరికి వెళ్ళిపోయారు. నేను ఉద్యోగం చేసుకుంటూ అమ్మతో మయూర్ విహార్‌లో ఉండిపోయాను. చెల్లి పుణెలో, తమ్ముడు బెంగళూరులో స్థిరపడ్డారు. ఆ రోజుల్లోనే ఒక కారు కొన్నాను. ఎత్తు దగ్గర ఎవరూ దిగక్కర్లేని కారు. వాళ్ళిద్దరూ వచ్చినప్పుడు అందరం కలిసి చర్చికి వెళ్ళాలని.

ముందు సీటు అమ్మది. ఇప్పుడు అమ్మ కూడా లేదు.

ఈమధ్య ఆ కారు ఇంజన్ కూడా నీరసించింది. మెకానిక్ దాదాపు పాత మాటే చెప్పాడు. రిపేరు చేస్తే నడుస్తుంది, నిండా మనుషులుంటే ఎత్తు మీద ఇబ్బంది పడుతుంది. బలం కావాలంటే వేరే ఇంజన్ వేయించుకోండి అని.

"గాడీ మే కిత్నే లోగ్ బైఠ్తే హై, దీదీ?" అని అడిగాడు. ఎంతమంది ఎక్కుతారని.

నా నోటికి ఠక్కున వచ్చింది... "పాంచ్."

అతను వెనక తలుపు తీశాడు. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు సీటు మీద అలాగే ఉంది.

"పీఛే తో కోయీ బైఠా హీ నహీ" అన్నాడు నవ్వుతూ. వెనక అసలెవరూ కూర్చోనేలేదే అని.

ఒక రోజు వ్యవధి అడిగి ఇంటికొచ్చాను. తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఇంకా ఎందుకక్కా ఆ డబ్బా? అమ్మేసి క్యాబ్ పిలుచుకో" అన్నాడు.

"క్రిస్మస్‌కి వస్తారా?"

"చూద్దాం అక్కా. మీటింగ్ ఉంది, మళ్ళీ చేస్తా."

చెల్లి కూడా చూద్దామనే అంది. వాళ్ళను తప్పుపట్టను. ఎవరి సంసారాలు వాళ్ళవి. ప్రార్థనకు మోకరించాను... ఏం అడగాలో తెలియలేదు.

మర్నాడు వెళ్ళి రిపేరు చాలని చెప్పాను.

"ఏక్ ఆద్మీ కే లియే బహుత్ హై, దీదీ" అన్నాడు మెకానిక్. ఒక్క మనిషికి బోలెడని. వెనక సీటు ప్లాస్టిక్ తీసేయనా అని అడిగాడు.

"ఉండనీ" అన్నాను.

మొన్న ఆదివారం చర్చికి పోతూ ఫ్లైఓవర్ ఎక్కాను. కారు నిమ్మళంగా ఎక్కేసింది. పైకి చేరాక నాకు తెలియకుండానే కాలు బ్రేకు మీదకు పోయింది... కాస్త ఆగాలన్నట్టు. వెనకనించి హారన్లు మోగాయి. ముందుకు పోనిచ్చాను.

ఆ స్కూటరుకు బలం చాలక నన్ను దింపేవారు. కానీ పైన నలుగురు ఆగి ఉండేవారు. ఇప్పుడు అందరి బండ్లకూ బలముంది. ఎవరూ దిగరు... ఎవరూ ఆగరు.

మీ ఇంట్లో ఎత్తు దగ్గర దిగింది ఎవరు? పైన వాళ్ళకోసం ఆగింది ఎవరు? రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.