గోడ జోలికి పోని నాజియా

మాచర్లలో నాజియా కుట్టిన కర్టెన్లు లేని కొత్త ఇల్లు అరుదు. రంగులు ఎంచడం, వాల్‌పేపర్ అతికించడం, సోఫాలకు గుడ్డ మార్చడం, ఇదే ఆమె బతుకు. కాదనడానికి మాత్రం నోరు రాదు, అదొక్కటే రోగం.

అందుకే నడికుడి సీతమ్మ, "వంటింటి గోడ తీసేసి హాలు పెద్దది చెయ్యవే. నువ్వు చేసేది ఇంటీరియర్ పనేగా!" అంటే తలూపి వచ్చింది. ఆ రోజు నుంచీ అన్నం సహించలేదు. అది కప్పుకు నాపరాళ్లు పరిచిన పాత మిద్దె. ఏ గోడ మీద ఎంత బరువుందో తనకేం తెలుసు?

చివరికి నరసరావుపేట నుంచి ఇంటీరియర్ డిజైనర్ పూర్ణిమను వెంటబెట్టుకొచ్చింది. పూర్ణిమ టేపుతో కొలిచి, కప్పు వంక చూసింది.

"ఈ గోడ తీస్తే పైరాళ్లు నెత్తినపడతాయి పెద్దమ్మా. గోడను ఉండనిచ్చి, పొయ్యిగట్టు అటు జరుపుదాం."

సీతమ్మ నాజియా వైపు తిరిగింది. "ఏమే, అప్పుడే చెప్పొచ్చుగా?"

"గోడల సంగతి చూసేది ఈమె, గోడల్ని సింగారించేది నేను. నాకు రాదని చెప్పడానికి సిగ్గేసింది పెద్దమ్మా."

"సిగ్గేందే! మీ పెదనాన్న మంచం ఈ గోడ పక్కనే ఉంది!"

ముగ్గురూ పకపకా నవ్వారు. నాజియా ఆ గోడను ఆప్యాయంగా నిమిరింది.

"దీనికి ఏ రంగు వేయమంటావు పెద్దమ్మా, చెప్పు!"