రెండు వందల పదకొండు లైన్లు

దయ్యాలను నమ్మే మనిషిని కాను. ఫలానా చోట ఏదో కనబడిందని ఎవరైనా చెబితే ఎన్ని గంటలకు, ఎంత దూరంలో, ఎంతమంది చూశారు అని అడిగేవాణ్ణి. మూడో ప్రశ్నకు వచ్చేసరికి ఎదుటి మనిషి కోపంగా లేచిపోయేవాడు. మా చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళను కూడా అలాగే అడిగి పాస్టరు చేత మాటలు పడ్డాను.

ఇప్పుడు అవే ప్రశ్నలకు నేను జవాబు చెప్పాలి. పొద్దున పదకొండు గంటల ఐదు నిమిషాలకు. చెవికి ఆనుకుని. నేనొక్కణ్ణే.

నా చదువు పదో తరగతి. నారాయణఖేడ్‌లో విత్తనాలు, ఎరువుల దుకాణంలో గుమాస్తాగా చేసేవాణ్ణి. యజమాని కంప్యూటర్ కొని, దాంతో ఏం చేయాలో తెలియక నాకు అప్పగించాడు. అట్ట ఊడిన పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని విజువల్ బేసిక్ నేర్చుకున్నాను. రెండేళ్ళలో బడులకు మార్కుల కార్డులు, పత్తి కాటాకు చీటీలు అచ్చయ్యే ప్రోగ్రాములు రాయగలిగాను.

అప్పట్లో ఊళ్ళో ప్రోగ్రాములు రాసేవాళ్ళం ఇద్దరమే. రెండోవాడు మొయిజ్. నాకంటే పదకొండేళ్ళు చిన్న. డిప్లొమా చదివాడు. బస్ డిపో దగ్గర ఒక గదిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పేవాడు. ఇంట్లో వాడూ, వాళ్ళ అమ్మా. ఆమెను మొయిజ్ అమ్మీ అంటే నేనూ అమ్మీ అనేవాణ్ణి.

ఇంటర్నెట్‌లో ప్రోగ్రామర్లు ఒకరి చిక్కులు ఒకరు విప్పుకునే చోట్లు ఉన్నాయని మాకు తెలుసు. కానీ ఊళ్ళో ఉన్న ఒక్క నెట్ సెంటర్లో పేజీ తెరుచుకునేలోపు కరెంటు పోయేది. అందుకని మేం టెలిఫోన్ వాడేవాళ్ళం. ప్రోగ్రాం రాసినవాడు మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదవాలి. రెండోవాడు కళ్ళు మూసుకుని వినాలి. తప్పున్న చోట "ఠైరో" అని ఆపాలి. ఆగమని అర్థం. చివరి దాకా తప్పు లేకపోతే "బాగనే ఉంది, ఇచ్చెయ్" అనాలి. ఆ మాట వినకుండా ఇద్దరిలో ఎవరమూ ఏ ప్రోగ్రామూ ఎవరికీ ఇచ్చేవాళ్ళం కాదు.

ఠైరో అనేది అమ్మీ మాట. ఫోన్ ఎప్పుడూ ఆమే ఎత్తేది. "ఠైరో బేటా" అని రిసీవర్ పక్కన పెట్టి, మొయిజ్ వచ్చేదాకా అక్కడే కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరించేది. టక్, టక్ అని వినబడుతూ ఉండేది. ఇద్దరు మగవాళ్ళు గంటలకొద్దీ ఏం మంత్రాలు చదువుకుంటారని మమ్మల్ని చూసి నవ్వేది.

ఎవరు ఎన్నిసార్లు పట్టుకున్నారో నేను నోటుబుక్కులో గీతలు గీసేవాణ్ణి. మూడేళ్ళలో మొయిజ్ నన్ను ఆపింది నలభై ఒక్కసారి. నేను వాణ్ణి ఆపింది యాభై ఏడుసార్లు. డిప్లొమా వాడి కంటే పదహారు ఎక్కువ. ఆ పదహారు నాకు చాలా ముఖ్యంగా ఉండేవి.

అప్పుడే ఊళ్ళో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌కు రిపోర్టులు అచ్చేసే ప్రోగ్రాం కావాలని తెలిసింది. నేను ముందే వెళ్ళి అడిగాను. ల్యాబ్ యజమాని నలుగురు రోగుల ముందు నవ్వాడు.

"నువ్వు బస్తాలు లెక్కపెట్టుకో రత్నం. ఇది రక్తం పని. మొయిజ్‌కు చెప్పిన, వాడు సదువుకున్నోడు."

మొయిజ్‌కు నేను అడిగిన సంగతి తెలియదు. నెల తర్వాత ఫోన్ చేసి చదవడం మొదలుపెట్టాడు.

ఆ ప్రోగ్రాం మొదట్లోనే, తప్పు వచ్చినా ఆగకుండా తర్వాతి లైనుకు పొమ్మని చెప్పే లైను ఒకటుంది. అప్పట్లో అందరం పెట్టేవాళ్ళం. అది పెడితే మెషీన్ మధ్యలో ఆగిపోదు, నలుగురిలో పరువు పోదు. కానీ అది పెట్టినవాడు ఇంకో లైను కూడా తప్పకుండా పెట్టాలి. కొత్త రోగి వివరాలు తీసుకునే ముందు పాత రోగి అంకెలను తుడిచేసే లైను. అది లేకపోతే, కొత్త అంకె ఏ కారణంతోనైనా ఎక్కనప్పుడు పాత అంకె అక్కడే కూర్చుంటుంది. కొత్త పేరు కింద పాత అంకె అచ్చవుతుంది.

మొయిజ్ నూట ఇరవై ఒకటో లైను చదివాడు. తర్వాత రావలసింది ఆ తుడిచే లైను. రాలేదు. వాడు ముందుకు వెళ్ళిపోయాడు.

ఠైరో అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆపేశాను. వాడికి కీడు జరగాలని కాదు. మొదటి రోజే ఆ యజమాని ముందు ప్రోగ్రాం తప్పు చూపిస్తుందనీ, అప్పుడు నన్ను పిలుస్తారనీ అనుకున్నాను. మొయిజ్ చివరి దాకా చదివి నా మాట కోసం ఆగాడు.

"బాగనే ఉంది, ఇచ్చెయ్" అన్నాను.

మొదటి రోజు ఏ తప్పూ రాలేదు. ఏడు వారాలు రాలేదు. నేను కూడా మరిచిపోయాను. రంజాన్ నెలలో అమ్మీకి నీరసంగా ఉందని మొయిజే ల్యాబ్‌కు తీసుకెళ్ళాడు. ఆమె షుగర్ నిజానికి తొంభై ఎనిమిది, మామూలే. ఏమీ తినకుండా ఇచ్చిన రక్తం కాబట్టి ల్యాబ్ మనిషి గుర్తుకోసం అంకె పక్కన ఒక అక్షరం కొట్టాడు. అక్షరం కలిసిన అంకెను ప్రోగ్రాం తీసుకోలేదు. ఆగిపోవలసింది. ఆగొద్దన్న లైను ఉంది కాబట్టి ముందుకు పోయింది. ఆమెకు ముందు వచ్చిన మనిషి షుగర్ మూడు వందల నలభై రెండు. ఆమె పేరు కింద అదే అచ్చయింది.

ఊళ్ళో డాక్టరు రిపోర్టు చూసి పెద్ద మోతాదు మాత్రలు రాశాడు. రోజా, అంటే ఉపవాసం, ఉండొద్దని కూడా చెప్పాడు. ఆమె కొడుక్కు తెలియకుండా తెల్లవారుజామున మాత్ర వేసుకుని రోజా ఉండేది. నాలుగో రోజు మధ్యాహ్నం షుగర్ పూర్తిగా పడిపోయి, లేపితే లేవలేదు. సంగారెడ్డి పెద్ద దవాఖానకు తీసుకెళ్ళేసరికి ప్రాణం పోయింది.

పదిహేను రోజులకు మొయిజ్ మా దుకాణానికి వచ్చాడు. ల్యాబ్ కంప్యూటర్ తెరిచి, తప్పు ఎక్కడుందో వాడే కనుక్కున్నాడు. ఎరువుల బస్తా మీద కూర్చున్నాడు.

"నీకు చదివేటప్పుడు నేను ఆ జాగల ఏదో మింగిన్నేమో అన్నా. సక్కగ చదివుంటే నువ్వు పట్టేటోనివి."

నేను తలెత్తకుండా "అయ్యుండొచ్చు" అన్నాను.

నేను చేసిన పనుల్లో అన్నిటికంటే నీచమైనది ఫోన్‌లో ఊరుకోవడం అని చాలాకాలం అనుకున్నాను. కాదు. ఈ ఒక్క మాట.

నలభయ్యో రోజు ఆమె పేరిట ఫాతెహా ప్రార్థన అయ్యాక మొయిజ్ కోచింగ్ గది ఖాళీ చేసి, ఫోన్ కనెక్షన్ వాపసు ఇచ్చి, బీదర్‌లో అక్క దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంటికి తాళం పడింది. తర్వాతి నెల ల్యాబ్ యజమాని నా దగ్గరికి వచ్చాడు. ఈసారి నవ్వలేదు. నేను ఒప్పుకున్నాను.

కొత్త ప్రోగ్రాం రాశాను. రెండు వందల పన్నెండు లైన్లు. తుడిచే లైను నూట నలభయ్యోది. కాగితం మీద అచ్చు తీసి పక్కన అంకెలు వేసుకున్నాను. అంతా సరిగ్గా ఉంది. కానీ ఎవరికీ చదివి వినిపించకుండా ఇవ్వడం నాకు చేతకాలేదు.

ఆ రోజు దుకాణంలో ఎవరూ లేరు. కాగితాలు ముందు పెట్టుకుని ఫోన్ తీశాను. వేళ్ళు అలవాటుగా మొయిజ్ నంబర్ తిప్పాయి. మోగదని తెలుసు. మోగింది. మూడో మోతకు ఎవరో ఎత్తారు. హలో అనలేదు. కాసేపటికి టక్ అని వినబడింది. మళ్ళీ టక్.

మొయిజ్ వచ్చి ఉంటాడనీ, ఆ వక్కలు ఎవరో అక్కో చెల్లెలో కత్తిరిస్తున్నారనీ అనుకున్నాను. గోడ మీద గడియారం పదకొండూ ఐదు. "మొయిజ్, చదువుతున్న" అని మొదలుపెట్టాను. లైనుకొక టక్ చొప్పున అడకత్తెర నాతోపాటు నడిచింది.

వందో లైను దాటాక భయం వేసింది. అవతల మనిషి ఎవరో తెలుసుకోవాలనిపించింది. మొయిజ్ అయితే తప్పు పట్టుకుంటాడు. అందుకని కావాలనే నూట నలభయ్యో లైను చదవకుండా వదిలేసి తర్వాతి దానికి వెళ్ళాను.

అడకత్తెర ఆగింది.

నేనూ ఆగాను. గడియారం ముల్లు చూస్తూ కూర్చున్నాను. పదిహేడు సెకన్లు. తెలియక ఊరుకున్నవాళ్ళ మౌనం కాదది. పట్టుకుని వదిలేసినవాళ్ళ మౌనం. అది ఎలా ఉంటుందో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

తర్వాత మళ్ళీ టక్. నేను చదవడం ఆపలేకపోయాను. చివరి లైను అయ్యేసరికి పదకొండూ ఇరవై నాలుగు.

"బాగనే ఉంది బేటా. ఇచ్చెయ్."

అమ్మీ గొంతు. ప్రేమగానే అంది. లైను తెగిపోయింది.

సైకిల్ మీద వాళ్ళింటికి వెళ్ళాను. తాళం అలాగే ఉంది. టెలిఫోన్ ఆఫీసు లైన్‌మన్‌ను పట్టుకుని తీసుకొచ్చాను. అతను స్తంభం వైపు చూపించి నన్ను ఎగాదిగా చూశాడు. "కనెక్షన్ తీసి రెండు నెలలాయె. తీగనే లేదు, మోగుడేంది?" అన్నాడు.

దుకాణానికి వచ్చి కంప్యూటర్ తెరిచాను. లైన్లు లెక్కపెట్టాను. రెండు వందల పదకొండు. కాగితం మీద రెండు వందల పన్నెండు. నూట నలభయ్యోది కాగితం మీద ఉంది, కంప్యూటర్లో లేదు. కాగితం అచ్చు తీసింది ముందురోజు సాయంత్రం. ఆ తర్వాత నేను ప్రోగ్రాంను ముట్టుకున్నట్టు గుర్తు లేదు. నేనే తీసేసి మరిచిపోయానా? అలాంటి పని చేయగల మనిషిని కాదని నా గురించి నేను చెప్పుకోలేను.

ఆ లైను మళ్ళీ కొట్టాను. అయినా ప్రోగ్రాం ఇవ్వలేదు. ఒకటికి పదిసార్లు చూశాను, ఇరవైసార్లు చూశాను, తప్పు దొరకలేదు. దొరికితే ఇచ్చేవాణ్ణేమో. ల్యాబ్ యజమాని నాలుగుసార్లు తిరిగి, బస్తాలు లెక్కపెట్టుకొమ్మని మళ్ళీ చెప్పి, హైదరాబాద్ వాళ్ళ చేత రాయించుకున్నాడు. ఆ తర్వాత నేను ఎవరికీ ఒక్క ప్రోగ్రామూ ఇవ్వలేదు.

ఐదేళ్ళకు బీదర్ వెళ్ళాను. మొయిజ్ సెల్‌ఫోన్లు రీచార్జ్ చేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. గడ్డం సగం నెరిసింది. స్టూలు వేసి కూర్చోబెట్టాడు. మొదటినుంచి చెప్పాను. ల్యాబ్‌లో నవ్విన నవ్వు, నూట ఇరవై ఒకటో లైను, అయ్యుండొచ్చు అన్న మాట, అడకత్తెర, అన్నీ. పూర్వం లాగే కళ్ళు మూసుకుని విన్నాడు. ఎక్కడైనా ఠైరో అంటాడేమో, కొడతాడేమో అని చూశాను.

చివరికి కళ్ళు తెరిచాడు.

"అదిగూడ నోటుబుక్కుల రాసుకున్నవా? యాభై ఎనిమిదోది?"

లేదని తల ఊపాను.

"అమ్మీ ఇచ్చెయ్ అన్నదంటివి. మరెందుకు ఇయ్యలే?"

నేను బల్ల మీది రీచార్జ్ కార్డులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"అమ్మీ ఎన్నడు అబద్ధం చెప్పలే అన్నా" అన్నాడు. గిరాకీ వస్తే అటు తిరిగాడు. నేను లేచి వచ్చేదాకా మళ్ళీ నా వైపు చూడలేదు.

ఆ ప్రోగ్రాం సీడీ నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడూ తెరిచి లెక్కపెడతాను. రెండు వందల పన్నెండూ ఉంటాయి. ఆ ఒక్క లైను ఆ రోజు ఎటు పోయిందో, తీగలేని ఇంట్లో ఫోన్ ఎవరెత్తారో ఇప్పటికీ చెప్పలేను. నాకిప్పుడు షుగర్ ఉంది. రిపోర్టు చేతికిచ్చినప్పుడల్లా అంకె చూడకుండా మడిచి జేబులో పెట్టుకుంటాను. నాకు ముందు రక్తం ఇచ్చిన మనిషి ఎవరని మాత్రం అడుగుతాను.